వరాహ కుంచె

డబ్బా నొక్కితే బుస్సుమని వచ్చే నురగ మీద ఒక ఉదయం నాకు విరక్తి పుట్టింది. గిన్నెలో సబ్బు గిలక్కొట్టి, కుంచెతో తాపీగా గడ్డానికి పట్టించాలన్న కోరికతో పూర్ణా మార్కెట్‌కు బయలుదేరాను.

కొట్టాయన బల్ల మీద మూడు బ్రష్షులు పెట్టాడు. మొదటిది సింథటిక్. నానబెట్టే పని లేదు, త్వరగా ఆరుతుంది. రెండోది బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలది. నీటిని బాగా పట్టి ఉంచుతుందట. బుగ్గకు తాకిస్తే పిల్లిపిల్ల ఒరుసుకున్నట్టుంది. ధర విని, పిల్లిపిల్లను దించినంత జాగ్రత్తగా కింద పెట్టాను. మూడోది తాకగానే కొబ్బరిపీచుతో అంట్లు తోమడం గుర్తొచ్చింది.

"అది పంది వెంట్రుక సార్. మొదట్లో మొండిగా ఉంటుంది. వాడేకొద్దీ కొసలు చీలి మెత్తబడుతుంది. కొత్త అల్లుడనుకోండి!"

నేను పాత అల్లుణ్ని. పోలికలో నిజం తెలిసినవాణ్ని కాబట్టి అదే కొన్నాను. వాడే ముందు కాసేపు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టమన్నాడు. ఇంకేదో కూడా చెప్పాడు గాని, చిల్లర లెక్కపెట్టుకుంటున్న నాకు వినబడలేదు.

రాత్రి దాన్ని మగ్గులో వేసి, మరిచిపోయి పడుకున్నాను. ఆగస్టు నెల. విశాఖలో ఆ రోజుల్లో ఆరేసిన తువ్వాలు మర్నాటికి ఇంకాస్త తడుస్తుంది.

తెల్లవారేసరికి అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని హాల్లో నిలబడి ఉంది.

"ఒరేయ్, ఇంట్లో ఎలుక చచ్చింది!"

బీరువా జరిపాం. బియ్యం డబ్బా వెనక టార్చి వేశాం. నాన్న అటకెక్కి మూతల్లేని మూడు ఆవకాయ జాడీలు, నా పదో తరగతి సైన్సు రికార్డు దించారు. అందరికంటే హడావుడిగా వెతికింది నేనే. చివరికి మా ఆవిడ స్నానాల గదిలోంచి రెండు వేళ్లతో మగ్గు పట్టుకుని వచ్చింది.

"ఏమండీ, మీ ఎలుక నానుతోంది."

"ఏ జంతువుదిరా ఇది?" అంది అమ్మ.

పంది అనడానికి నోరు రాలేదు. "వరాహమమ్మా" అన్నాను. సింహాచలం అప్పన్న వరాహ నరసింహుడే కదా, ఆ పేరు వింటే చల్లబడుతుందని నా ఆశ.

"ఏడాదికోసారి అక్షయ తృతీయనాడు చందనం ఒలిస్తే గాని నిజరూపం చూపించడు ఆ స్వామి. నువ్వు రోజూ మొహానికి రుద్దుకుంటావా!"

బ్రష్షుకు బాల్కనీ వాసం విధించారు. నేను సింథటిక్‌కు మారాను. వాసన లేదు, మొండితనం లేదు, మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

నెల గడిచింది. మొన్న బాల్కనీలో ఆ వరాహాన్ని ముట్టుకుని చూస్తే, కొసలు పట్టులా ఉన్నాయి. వాసన మచ్చుకైనా లేదు. పైగా ఎప్పుడు చూసినా తడిగానే ఉంటోంది.

నాన్నను అడిగితే, నున్నటి గడ్డం నిమురుకుంటూ, "సముద్రపు గాలిరా, తేమ" అంటున్నారు.