వియెకెస్ దీవి: లెక్క తేలని గుండ్లు

కరీబియన్ సముద్రంలో, ప్యూర్టో రికో ప్రధాన ద్వీపానికి తూర్పున దాదాపు 8 మైళ్ల దూరంలో వియెకెస్ అనే చిన్న దీవి ఉంది. 1898లో స్పెయిన్ చేతి నుంచి అమెరికా చేతికి మారిన ప్యూర్టో రికోలో అదొక భాగం. అమెరికా నౌకాదళం 1941 మొదలుకొని విడతలుగా ఆ దీవిలోని 33,000 ఎకరాల్లో సుమారు 26,000 ఎకరాలు తీసుకుని, పడమటి కొసన మందుగుండు గిడ్డంగులు కట్టి, తూర్పు కొసను బాంబుల సాధనకు 2003 మే 1 దాకా వాడుకుంది. "శిక్షణ ఆగినా అది చేసిన కీడు ఆగలేదు" అన్న ప్రతిపాదనను చరిత్ర చెప్పే అధ్యాపకురాలు ఒకరు సమర్థించగా, విశాఖపట్నంలో స్థిరపడిన విశ్రాంత నౌకాదళ అధికారి ఒకరు ఖండించిన వాదం ఇది. ఇద్దరూ కల్పిత పాత్రలే. వారు ముందుకు తెచ్చిన సంగతులు మాత్రం కల్పితాలు కావు.

అధ్యాపకురాలు: కమాండర్ గారూ, ముందు భూమి సంగతి చూద్దాం. 1941 నాటికి వియెకెస్ అంటే చెరకు తోటలు. భూమి కొద్దిమంది ఆసాముల చేతిలో ఉండేది. కూలీలు ఆ ఆసాముల నేలలోనే గుడిసె వేసుకుని, పెరట్లో నాలుగు దుంపలు పండించుకుని, ఒకటో రెండో పశువులను మేపుకుంటూ బతికేవారు. భూసేకరణ జరిగినప్పుడు పరిహారం కాగితం ఉన్న ఆసామికి అందింది. గుడిసె ఉన్న కూలీకి అందింది ఖాళీ చేయమన్న మాట. ఇరవై నాలుగు గంటల గడువే ఇచ్చారని ఆ తరం వారు చెప్పుకుంటూ వచ్చారు. వారిని దీవి నడుమ మోంటే సాంటో, సాంటా మరియా అనే చోట్ల పట్టా లేని జాగాల్లో దించారు. నిర్వాసితులంటే ఎవరో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు గానీ, ఇక్కడ ఒక విశేషం ఉంది. వీరు పోయి తలదాచుకున్న చోటుకు ఒక పక్క మందుగుండు గిడ్డంగులు, మరో పక్క బాంబులు పడే మైదానం.

అధికారి: మేడమ్, ఆ సంవత్సరాన్ని మీరు తేలిగ్గా దాటేస్తున్నారు. యూరప్ అప్పటికే యుద్ధంలో ఉంది. మరుసటి ఏడాదే జర్మన్ జలాంతర్గాములు కరీబియన్‌కు వచ్చి చమురు నౌకలను ముంచసాగాయి. ఓడరేవుకూ స్థావరానికీ భూమి కావలసి వచ్చినప్పుడు ఏ ప్రభుత్వమైనా అదే పని చేస్తుంది. కూలీలకు అన్యాయం జరిగింది, కాదనను. కానీ అది భూసేకరణ చట్టం చేసిన అన్యాయం. శిక్షణ చేసిన కీడు గురించి మనం వాదించుకుంటున్నాం.

అధ్యాపకురాలు: యుద్ధం 1945లో ముగిసింది. 1947లో మళ్లీ భూమి తీసుకున్నారు. అప్పుడు ఏ జలాంతర్గామి కోసం?

అధికారి: ఆ తరువాతి యుద్ధాల కోసం. ఇది ఎగతాళిగా అనడం లేదు. నౌక మీది ఫిరంగులు తీరాన్ని కొడుతుండగా, వాటి పైనుంచి విమానాలు బాంబులు వేస్తుండగా, అదే సమయంలో మెరైన్ దళం పడవల్లోంచి ఇసుకలోకి దిగడమన్నది మూడు పనులు కాదు, ఒకటే పని. మూడింటినీ అసలైన మందుగుండుతో ఏకకాలంలో సాధన చేయడానికి అట్లాంటిక్ నౌకాదళానికి వియెకెస్ వంటి చోటు మరొకటి లేదు. నేను గన్నరీ అధికారిగా పనిచేసినవాణ్ని. ఉత్తుత్తి గుండుతో వంద సార్లు సాధన చేసినవాడికీ, నిజమైన గుండుతో పది సార్లు చేసినవాడికీ తేడా ఏమిటో మొదటి రోజునే కనిపెట్టేస్తాం. ఆ తేడా వల్ల బతికి ఇల్లు చేరిన కుర్రవాళ్లను మీ లెక్కలో ఎవరూ రాయరు.

అధ్యాపకురాలు: సాధన అక్కరలేదని నేనెక్కడా అనలేదు. ఎవరి నెత్తిన, ఎవరిని అడిగి అన్నదే నా ప్రశ్న. ప్యూర్టో రికో ప్రజలకు 1917లో అమెరికా పౌరసత్వం ఇచ్చారు. ఆ దీవుల్లో ఉన్నంతకాలం వారు అధ్యక్షుడికి ఓటు వేయలేరు. కాంగ్రెసుకు పంపే ఏకైక ప్రతినిధికి సభలో తుది ఓటు లేదు. అంటే సైన్యంలో చేరి యుద్ధానికి వెళ్లవచ్చు గానీ, తన ఊరి మీద బాంబులు వేయాలా వద్దా అన్న చోట చేయెత్తడానికి మనిషి లేడు. 1978 ఫిబ్రవరిలో జాలర్లు దాదాపు నలభై చిన్న పడవలతో యుద్ధనౌకల విన్యాసాలకు అడ్డుపడ్డారంటే, అంతకంటే వేరే సభ వారికి లేదు కనుకే. వారి మొదటి గోడు స్వాతంత్ర్యమూ కాదు, సామ్రాజ్యవాదమూ కాదు. నౌకల అడుగున తిరిగే రెక్కలు తమ చేపల బుట్టలకు కట్టిన బెండ్ల తాళ్లను తెంచేస్తున్నాయి; తాడు తెగిన బుట్ట అడుగునే ఉండిపోతుంది, అందులో పడిన చేప అక్కడే చస్తుంది, ఆ బుట్ట అల్లిన కూలి పోతుంది.

అధికారి: అయినా చివరికి వారి మాటే నెగ్గింది కదా? 1999 ఏప్రిల్ 19న రెండు 500 పౌన్ల బాంబులు గురితప్పి పరిశీలన కేంద్రం దగ్గర పడి, అక్కడ కాపలా ఉద్యోగం చేస్తున్న డేవిడ్ సానెస్ రోడ్రిగెస్ మరణించాడు. ఘోరమైన పొరపాటు. దాన్ని ఏ నౌకాదళమూ సమర్థించదు. తరువాత మైదానంలో నిరసన శిబిరాలు వెలిశాయి. 2000 నుంచి పేలని ఉత్తుత్తి బాంబులకే పరిమితమయ్యారు. 2001 జూలైలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 68 శాతం మంది వెంటనే ఆపమన్నారు. రెండేళ్లలో నౌకాదళం వెళ్లిపోయింది. ఓటు లేదంటున్న ప్రజలు ప్రపంచంలోని అతిపెద్ద నౌకాదళాన్ని పంపించేశారు. ఇక ఆ భూమి ఇప్పుడు ఏమైంది? అత్యధిక భాగం వన్యప్రాణి సంరక్షణ కేంద్రమైంది. తాబేళ్లు గుడ్లు పెడుతున్నాయి. నౌకాదళం కంచె వేయకపోతే ఆ తీరమంతా ఈపాటికి హోటళ్లు లేచి ఉండేవి.

అధ్యాపకురాలు: ఈ తాబేళ్ల వాదం నాకు చాలాసార్లు ఎదురైంది, అందుకని దీని దగ్గర కాసేపు నిలుద్దాం. తూర్పు కొసన అసలు మందుగుండు పడిన సుమారు 900 ఎకరాలను చట్టం 'అరణ్య ప్రాంతం'గా ప్రకటించి, అందులోకి జనం అడుగుపెట్టరాదంది. మనిషి చేయి పడని చోటును అరణ్యమంటారు. ఇక్కడ అరవై ఏళ్లు మనిషి చేయి తప్ప మరేమీ పడలేదు. పేరు మారితే లాభమేమిటంటారా? నేలను ఏ మేరకు శుద్ధి చేయాలన్నది రేపు ఆ నేలను ఎవరు ఎలా వాడతారన్న దాన్ని బట్టి నిర్ణయిస్తారు. పిల్లలు ఆడుకునే చోటుకు ఒక కొలత, తాబేళ్లు మాత్రమే తిరిగే చోటుకు మరొక కొలత. ఎవరూ రాని చోటని ముందే రాసుకుంటే పని తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

అధికారి: శుద్ధి జరుగుతూనే ఉంది. 2005లో సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే ప్రభుత్వం శుద్ధి చేయించవలసిన అతి కలుషిత స్థలాల జాబితాలో చేర్చారు.

అధ్యాపకురాలు: చేర్చారు. 2021లో అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ చూసేసరికి, పని 2032 దాకా సాగుతుందన్న అంచనా తేలింది. అరవై ఏళ్లు వాడిన నేలకు ముప్ఫై ఏళ్ల శుభ్రత! అదీ ఎలా చేస్తారు? పేలని బాంబు దొరికితే, కదిపితే ప్రమాదం కనుక చాలావాటిని ఉన్నచోటే పేల్చేస్తారు. ఊళ్లో కూర్చున్నవారికి 2003 తరువాత కూడా తూర్పు నుంచి ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. సముద్రం అడుగు సంగతి ఇంకా కష్టం. 1958 అణుపరీక్షల్లో లక్ష్యనౌకగా నిలిపిన కిల్లెన్ అనే యుద్ధనౌకను తరువాత వియెకెస్ దగ్గరికి తెచ్చి, గురిచూసే బొమ్మగా వాడారు; అది ఈనాటికీ అక్కడి అఖాతం అడుగున పడి ఉంది. ఆ చుట్టుపక్కల పగడపు దిబ్బల్లో చిక్కుకున్న బాంబుల తొడుగులు తుప్పుపట్టి, లోపలి పేలుడు పదార్థం నీటిలోకి కారుతున్నట్టు, బాంబుకు దగ్గరగా ఉన్న జీవుల్లో ఆ విషాలు ఎక్కువగా ఉన్నట్టు జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కనుగొన్నారు. పక్కనున్న కులేబ్రా దీవిలోనూ 1975 దాకా ఇదే సాధన. అక్కడి ఫ్లమెంకో తీరంలో ఇసుకలో కూరుకుపోయిన యుద్ధ ట్యాంకు మీద రంగురంగుల బొమ్మలు వేశారు, సందర్శకులు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. ఆ దీవిలో బాంబులు పడిన వాయవ్య ద్వీపకల్పాన్ని శుభ్రం చేయడానికి ప్రభుత్వ సొమ్ము వాడరాదని 1974 నాటి చట్టంలోనే రాసిపెట్టి, దశాబ్దాల పాటు ఆ మాట మీదే ఉన్నారు.

అధికారి: నేల, నీరు సరే. అసలు మీ వైపు వారు ఎక్కువగా చెప్పేది క్యాన్సర్ గురించి. అక్కడ నేను ఒక్క అడుగు కూడా వెనక్కి వేయను. ఏటీఎస్‌డీఆర్ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2003లో గాలి, నీరు, నేల, చేపలు అన్నీ పరిశీలించి, ప్రజారోగ్యానికి హాని కనబడలేదంది. విమర్శలు వచ్చాయని మళ్లీ చూసి 2013లోనూ దాదాపు అదే మాట చెప్పింది. బాంబులు పడే చోటు ఊళ్లకు 13 కిలోమీటర్ల దూరం. తొమ్మిది వేల లోపు జనాభాలో నాలుగు కేసులు అటో ఇటో అయితే శాతాలు తారుమారవుతాయి. జబ్బు ఉండడం వేరు, జబ్బుకు కారణం ఇదేనని నిలబెట్టడం వేరు.

అధ్యాపకురాలు: ప్యూర్టో రికో ఆరోగ్యశాఖ లెక్కల్లో వియెకెస్‌లో క్యాన్సర్ ప్రధాన ద్వీపంలో కంటే ఎక్కువని తేలింది. దానికి కారణం బాంబులేనని నేనూ నిరూపించలేను, ఒప్పుకుంటున్నాను. నిరూపించవలసింది ఎవరన్నదే నా అభ్యంతరం. అక్కడ గాలి ఏడాదిలో ఎక్కువ రోజులు తూర్పు నుంచి పడమటికి, అంటే మైదానం మీదుగా ఊళ్ల వైపు వీస్తుంది. బాంబులు పడిన ఆ దశాబ్దాలన్నింటా ఆ గాలిలో ఏముందో రోజూ కొలిచి రాసిపెట్టగల స్థోమత ఉన్నది నౌకాదళానికి ఒక్కదానికే. ఆనాడు కొలవలేదు. తరువాత వచ్చినవారు పాత కొలతలు లేవు కనుక ఆధారం చాలదన్నారు. కొలవకపోవడం ఒకరి తప్పు, ఆ తప్పు ఫలం మరొకరికి. జనం కోర్టుకూ వెళ్లారు, ఏడు వేల మందికి పైగా. 2012లో అప్పీలు కోర్టు, సార్వభౌమ ప్రభుత్వంపై ఇలాంటి దావా చెల్లదని కొట్టేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు వినడానికే నిరాకరించింది. అప్పీలు కోర్టు న్యాయమూర్తులు మాత్రం, ఆరోగ్యం గురించి ఈ ఆందోళనలు తీవ్రమైనవే కనుక కాంగ్రెసు దృష్టికి తీసుకుపోవాలన్నారు. ఏ కాంగ్రెసు? వీరి ప్రతినిధికి ఓటు లేని కాంగ్రెసు.

అధికారి: ఆ తీర్పు నేను చదివాను. అక్కడ న్యాయమూర్తులే ఇబ్బంది పడినట్టు కనిపిస్తుంది, నిజమే. కానీ ఆసుపత్రి విషయం కూడా నౌకాదళం ఖాతాలో వేస్తారు, అది సబబు కాదు. 2017లో మరియా తుపాను దీవిలోని ఆసుపత్రిని పాడుచేసింది. దాన్ని ఏళ్ల తరబడి కట్టకపోవడం పౌర ప్రభుత్వాల నిర్వాకం.

అధ్యాపకురాలు: ఒప్పుకున్నాను, అది నౌకాదళం పని కాదు. అయితే అదే దీవిలోని డయాలిసిస్ రోగి వారానికి మూడుసార్లు సముద్రం దాటవలసి వచ్చింది. పడవలు ఇప్పుడు ప్రధాన ద్వీపంలోని సెయ్‌బా రేవు నుంచి నడుస్తాయి. ఆ రేవు ఒకప్పటి రూజ్‌వెల్ట్ రోడ్స్ నౌకాస్థావరంలోదే. 2004లో మూసిన ఆ స్థావరంలోనే 2025లో అమెరికా యుద్ధవిమానాలు మళ్లీ దిగాయి. పడవ కోసం నిలబడ్డ మనిషి తలెత్తి చూస్తే అవి కనబడేవి. సరే, మీ వృత్తికి సంబంధించినది ఒకటి అడుగుతాను. 1999 ఫిబ్రవరిలో ఆ మైదానంలో యురేనియం తూటాలు 263 కాల్చినట్టు నౌకాదళమే ఒప్పుకుంది. వాటి వాడకానికి అక్కడ అనుమతి లేదు, పొరపాటున ఎక్కించామన్నారు. మొదట వెతికినప్పుడు దొరికినవి 57. మీ దళంలో అయితే అలాంటి రోజు ఫైరింగ్ రిజిస్టరు మీద మీరేం రాసేవారు?

అధికారి: కాల్చినవి ఎన్ని, పేలినవి ఎన్ని, పేలనివి ఎన్ని, ఏరినవి ఎన్ని. నాలుగు గడులుంటాయి. మొదటి గడికీ మిగతా వాటికీ పొత్తు కుదరాలి. కుదరకపోతే మనుషుల్ని మళ్లీ మైదానంలోకి పంపుతాం.

అధ్యాపకురాలు: ఎప్పటికీ కుదరకపోతే?

అధికారి: సంతకం చేయం, మేడమ్. రేంజ్, అంటే కాల్పుల మైదానం, తెరిచే ఉందని రాసి, ప్రమాదమని చెప్పే ఎర్రజెండా దించకుండా వదిలేస్తాం. క్యాన్సర్ సంగతి మాత్రం నేను ఒప్పుకోలేదని రాసుకోండి.