రిపోర్టు అడుగున నివసించే ఆఖరి వాక్యానికి

మహారాజశ్రీ ‘క్లినికల్‌గా కోరిలేట్ చేసుకోగలరు’ గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టేవాణ్ణే. కానీ ‘రోగి లక్షణాలతో పోల్చి చూసుకోండి’ అని తప్పుకోవడమే తప్ప మేం కుశలమో కాదో తమరు తేల్చలేదు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను.

నిన్న మధ్యాహ్నమంతా తమరి పుణ్యమే. నాన్నగారు 24 గంటలు గుండె కొట్టుకోవడాన్ని రోజంతా రికార్డు చేసే హోల్టర్ తీగలు ఒంటికి తగిలించుకుని, స్నానం మానుకుని తిరిగితే ఆఖరికి తేలింది ఇదీ: ఎస్‌డీఎన్‌ఎన్ అనే గుండె లయ కొలత 62 మిల్లీసెకన్లు. దాని కింద తమరు. సరే, రక్తపరీక్షలు తీశాం. గుండె మీద భారాన్ని చెప్పే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ, ఒంట్లో వాపును చెప్పే సీఆర్‌పీ రెండూ మామూలు కంటే ఎక్కువని బోల్డులో ఉన్నాయి. కింద మళ్లీ తమరే. డాక్టరుగారు రెండూ తిరగేసి "ఎకో చేయించండి" అన్నారు. ఆ గుండె స్కాన్ రిపోర్టు అడుగున ఎవరున్నారో వేరే చెప్పాలా?

ఈసీజీ కాగితం సంగతి సరేసరి, దాచినకొద్దీ వెలిసిపోతుంది. నా చేతి వాచీకైతే తమరి వినయం బొత్తిగా లేదు, నిద్ర లేవగానే నాకు స్ట్రెస్ అని తీర్పు చెప్పేస్తుంది.

పోల్చడానికి ఏమీ లేకపోతే ఇంత మంట ఉండేది కాదు. ఉంది! ఆరోగ్యంగా ఉన్న గుండె గడియారంలా కొట్టుకోదు. ఊపిరి పీలిస్తే కాస్త వేగం, వదిలితే కాస్త నిదానం. ఆ హెచ్చుతగ్గుల కొలతే ఎస్‌డీఎన్‌ఎన్. అందులో మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి పాత్ర పెద్దది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ని, అంటే వాపుని, అదుపు చేసేదీ ఆ నాడేనని 2002లో అమెరికా వైద్య పరిశోధకుడు కెవిన్ ట్రేసీ వివరించాడు. హెచ్చుతగ్గులు తగ్గినవాళ్లలో సీఆర్‌పీ ఎక్కువగా ఉండటం చాలా పరిశోధనల్లో కనిపించింది. గుండె గోడలు సాగినప్పుడు ప్రోబీఎన్‌పీ పెరుగుతుంది, హార్ట్ ఫెయిల్యూర్‌లో ఎస్‌డీఎన్‌ఎన్ కూడా పడిపోతుంది. గుండెపోటు నుంచి బయటపడిన 808 మందిని పరిశీలించి, ఎస్‌డీఎన్‌ఎన్ 50 లోపు ఉన్నవాళ్లకు 100 దాటినవాళ్లకంటే ప్రాణాపాయం 5 రెట్లు ఎక్కువని పరిశోధకులు 1987లోనే చెప్పారు. ఇంత చుట్టరికం ఉన్న అంకెల్ని వేరువేరు కవర్లలో పెట్టి మా చేతికిస్తారా?

నిజమే, తమరు అబద్ధమాడలేదు. సీఆర్‌పీ చిగుళ్ల వాపుకీ పెరుగుతుంది. ప్రోబీఎన్‌పీ వయసుతోనూ పెరుగుతుంది, కిడ్నీలు నీరసించినా పెరుగుతుంది. షుగరు ముదిరితే ఎస్‌డీఎన్‌ఎన్ తగ్గుతుంది, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర వేసుకుంటే కాస్త పెరగొచ్చు. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే ఆ అంకెను నమ్మడానికే లేదు. అంకె ఒక్కటే చూసి మనిషిని భయపెట్టకూడదనే తమరి ఉద్దేశం, దానికి దణ్ణం పెడతాను.

కానీ పోల్చాల్సింది ఎవరయ్యా? అర్ధరాత్రి ఫోన్‌లో వెతుక్కునే నేనా? నాన్నగారికి షుగరు ఉంది. బీటా బ్లాకరూ వేసుకుంటారు. కిందటి నెల కిడ్నీ రిపోర్టు ఫైల్లోనే ఉంది. ఇన్ని కౌంటర్లు తిరిగాం, ఈ మూడింటిలో ఒక్కటీ ఎవరూ అడగలేదు.

ఇట్లు,
ఫైలు మోసే కొడుకు