నవంబరులో పోయిన 53 నంబరు

2025 నవంబరులో, థాంక్స్‌గివింగ్‌కి ఇంకా ఆరు రోజులుందనగా, ఆ శుక్రవారం సాయంత్రం నేను పప్పుకి పోపు పెడుతున్నాను. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి ఏదో చెప్పింది, ఆవాల చిటపటలో సరిగ్గా వినపడలేదు. స్టవ్ ఆపి ఏంటమ్మా అంటే, "నాన్నా, అడోలిస్‌ని తీసేశారు" అని అక్కడే కుర్చీలో కూలబడింది. అడోలిస్ గార్సియా అంటే మా డాలస్ వాళ్ళ బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్‌లో బ్యాటర్. వాళ్ళ పిన్ని పుట్టినరోజుకి కొనిపెట్టిన జెర్సీ, వెనకాల గార్సియా అనీ 53 అనీ రాసున్నది, అప్పుడు ఒంటి మీదే ఉంది. ఇంకో రెండు రోజులు తిరక్కుండానే, ఆదివారం, అదే జట్టులో రెండో బేస్ దగ్గర ఆడే మార్కస్ సెమియెన్‌ని న్యూయార్క్ మెట్స్ జట్టుకి ఇచ్చేసి అక్కడి బ్యాటర్ బ్రాండన్ నిమ్మోని తెచ్చుకున్నారన్న వార్త. ఇక మా కాలనీ వాట్సాప్ గ్రూపు చూడాలి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఫలితాల రోజు కూడా అంత గొడవ జరగలేదు.

ఎక్కువమంది అన్నది ఒకటే మాట: 2023లో వరల్డ్ సిరీస్ కప్పు తెచ్చిన వాళ్ళకి ఇదా మర్యాద? నేను మాత్రం, మా అమ్మాయి మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడకపోయినా సరే, టెక్సస్ రేంజర్స్ చేసింది మంచి పనే అంటాను. అసలు రెండు చలికాలాల క్రితమే చేసుండాల్సింది అని కూడా అంటాను.

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఇంతమంది ఉన్నాం, ఆర్లింగ్టన్ స్టేడియానికి ఆఫీసు టికెట్ల మీదో, పిల్లల స్కూలు వాళ్ళతోనో ఒక్కసారైనా వెళ్ళొచ్చిన వాళ్ళమే. కానీ సెప్టెంబరు అయిపోతే బేస్‌బాల్ అయిపోయినట్టే మనకి, మళ్ళీ ఏప్రిల్‌లో ఎవరో టికెట్లిస్తే గుర్తొస్తుంది. నా మటుకు నాకు ఆ మధ్యలో జరిగేదే అసలు ఆట. సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడేది ఆటగాళ్ళే, నిజమే, కానీ ఎవరు ఆడాలన్నది నవంబరు నుంచి ఫిబ్రవరి లోపే తేలిపోతుంది. ఐపీఎల్ వేలంలా రెండు రోజులు టీవీ ముందు కూర్చుంటే తెలిసేది కాదు ఇది. నెలల తరబడి సాగే బేరం. ఎవరి కాంట్రాక్టు అయిపోయింది, ఎవరి భుజం నొప్పెడుతోంది, ఎవరికి ముప్పై ఐదేళ్ళొచ్చాయి, పెళ్ళి సంబంధాలు చూసినట్టు అన్నీ ఆరా తీస్తారు.

ఒక్కసారి 2021 చలికాలానికి వెళ్దాం. ఆ ఏడాది రేంజర్స్ 102 మ్యాచ్‌లు ఓడింది. లీగ్‌కీ ఆటగాళ్ళ యూనియన్‌కీ ఒప్పందం గడువు ముగిసి డిసెంబరు 2న లాకౌట్ పడబోతోంది (అంటే బేరాలన్నీ ఆగిపోతాయి), ఆలోపే కొద్ది రోజుల్లో బ్యాటర్ కోరీ సీగర్‌కి పదేళ్ళకు 32.5 కోట్ల డాలర్లు, సెమియెన్‌కి ఏడేళ్ళకు 17.5 కోట్లు, పిచర్ (బంతి వేసేవాడు) జాన్ గ్రేకి నాలుగేళ్ళకు 5.6 కోట్లు. అంత పోసినా మరుసటి ఏడాది 94 ఓటములు! నవ్వని వాళ్ళు లేరు. ఆపై చలికాలం, 2022లో, రిటైరై ఇంట్లో కూర్చున్న బ్రూస్ బోచీని మేనేజర్‌గా, అంటే మన హెడ్ కోచ్ లాంటి పదవికి, రప్పించారు, పిచర్ జేకబ్ డిగ్రామ్‌కి అయిదేళ్ళకు 18.5 కోట్లు ఇచ్చారు. పేపర్లన్నీ డిగ్రామ్ ఫొటోలే. అదే చలికాలంలో నేథన్ ఇవాల్డీ అనే ఇంకో పిచర్‌ని రెండేళ్ళకు 3.4 కోట్లకు తెచ్చుకున్నారు, లోపలి పేజీలో చిన్న వార్త.

తర్వాతేమైంది? డిగ్రామ్ 2023లో ఆరంటే ఆరు మ్యాచ్‌లు మొదలుపెట్టి మోచేతి ఆపరేషన్‌కి వెళ్ళిపోయాడు. ఇవాల్డీ ఆ అక్టోబరు, నవంబరు పోస్ట్‌సీజన్‌లో (సీజన్ అయ్యాక కప్పు కోసం ఆడే మ్యాచ్‌లు) అయిదు గెలిచి ఒక్కటీ ఓడలేదు, ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్‌లో ఆరు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. ట్రావిస్ జాంకౌస్కీ అని ఇంకొకడున్నాడు. ఆ జనవరిలో అతన్ని తీసుకున్నది మైనర్ లీగ్ కాంట్రాక్టు మీద, అంటే పెద్ద జట్టులో చోటు ఉంటుందో లేదో కూడా గ్యారంటీ లేకుండా. సిరీస్ మూడో మ్యాచ్‌లో గార్సియాకి పక్కటెముకల దగ్గర కండరం పట్టేసి తప్పుకోవాల్సొస్తే, నాలుగో మ్యాచ్‌లో అతని చోట్లో దిగి రెండు పరుగులు తెచ్చే డబుల్ (తను రెండో బేస్ దాకా చేరే షాట్) కొట్టింది ఈ జాంకౌస్కీయే.

అసలు గార్సియా కథ కూడా చలికాలం కథే. 2021 ఫిబ్రవరిలో రేంజర్స్ వాళ్ళే వేరొకరికి జట్టులో చోటు కావాలని అతన్ని లిస్టులోంచి తీసి, ఎవరికైనా కావాలంటే తీసుకోండి అని మిగతా జట్ల ముందు పెట్టారు. 29 జట్లలో ఒక్కటీ చెయ్యి ఎత్తలేదు. సరే అని మైనర్స్‌లో ఉంచుకున్నారు. అదే ఏడాది లీగ్ మేటి ఆటగాళ్ళతో ఆడే ఆల్‌స్టార్ అయ్యాడు! 2023లో 39 హోమ్‌రన్లు (మన సిక్సర్ లాంటివి), వరల్డ్ సిరీస్‌కి ముందు మెట్టు లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్‌లో ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు, వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్ పదకొండో ఇన్నింగ్స్‌లో కుడి పక్కకి కొట్టి మ్యాచ్ గెలిపించిన ఆ హోమ్‌రన్. ఆ రాత్రి మా ఇంట్లో వేసిన కేకలకి పక్కింటి కుక్క అరగంట మొరిగింది. ఎవరికీ అక్కర్లేని మనిషిని మనవాడనుకున్నాం కదా, అందుకే ఇప్పుడింత బాధ.

నా గొడవల్లా ఆ గెలిచిన తర్వాతి చలికాలంతో. 1972లో ఆర్లింగ్టన్ వచ్చిన జట్టు, 2023లో మొదటిసారి కప్పు చూసింది, ఆ సంతోషంలో అందరూ మత్తులో ఉన్నారు, నాతో సహా. పిచర్ జోర్డన్ మాంట్‌గమరీ అక్టోబరంతా అంత బాగా పిచ్ చేసినా మళ్ళీ కుదుర్చుకోలేదు, చివరికి మార్చి నెలాఖరులో మనం ఓడించిన అరిజోనాకే వెళ్ళాడు. మ్యాచ్‌లు చూపించే టీవీ కంపెనీ దివాళా కేసులో ఉంది, డబ్బు ఎంతొస్తుందో తెలియదు, కాబట్టి చేతులు కట్టేసినట్టయిందన్నది ఒక వాదన. కొంత నిజమే. కానీ డబ్బు లేకపోవడం కన్నా, అదే జట్టు మళ్ళీ గెలుస్తుందిలే అన్న ధీమానే ఎక్కువ కొంప ముంచిందని నా అభిప్రాయం. పిచర్ మాక్స్ షెర్జర్‌కి డిసెంబరులో వెన్ను ఆపరేషన్, సీగర్‌కి జనవరిలో హెర్నియా ఆపరేషన్. మనుషులకి ఒక ఏడాది వయసు పెరిగింది, లిస్టు మాత్రం దాదాపు అలాగే ఉంది. 2024లో 78 గెలుపులు, 84 ఓటములు.

ఆ డిసెంబరులో వింటర్ మీటింగ్స్, అంటే జట్లన్నీ ఒకచోట చేరి బేరాలాడే సమావేశం, జరిగింది మన డాలస్‌లోనే. బేస్‌బాల్ ప్రపంచమంతా మన ఊరి హోటల్ లాబీలో నిలబడి ఉండగా స్టార్ బ్యాటర్ హువాన్ సోటో పదిహేనేళ్ళకు 76.5 కోట్ల డాలర్లకి మెట్స్‌తో ఒప్పుకున్నాడు. పెళ్ళి మన మండపంలో, వధూవరులు వేరే ఊరి వాళ్ళు. (ఆ వారం అటువైపు ట్రాఫిక్‌లో చిక్కుకున్న వాళ్ళల్లో నేనూ ఒకణ్ణి.)

2025 సంగతి ఇంకా విచిత్రం. పిచింగ్‌లో, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ సగటున ఇచ్చే పరుగులు) లెక్కన, మొత్తం 30 జట్లలో మనదే మొదటి స్థానం. పాపం డిగ్రామ్ కూడా 30 మ్యాచ్‌లు మొదలుపెట్టి నా నోరు మూయించాడు. అయినా 81 గెలుపులు, 81 ఓటములు. అంటే జబ్బు ఎక్కడుందో పిల్లాడికైనా తెలుస్తుంది, బ్యాటింగ్‌లో. గార్సియా ఆ ఏడాది వందసార్లు బ్యాట్ పట్టుకొస్తే 27 సార్లే బేస్ చేరాడు. మిగతా 73 సార్లు వెనక్కే. అందులో ఎన్నిసార్లు మొదటి బంతికే, అదీ బయటికి పోయే బంతికి, ఒళ్ళంతా ఊపేసి డగౌట్‌కి తిరిగొచ్చాడో నేను లెక్కపెట్టలేదు, మా అమ్మాయి పెట్టింది, నాకు చెప్పలేదు. నిమ్మో తన కెరీర్ మొత్తంలో వందకి 36 సార్లు చేరిన మనిషి. వాక్ (నాలుగు చెడ్డ బంతులు పడితే ఉచితంగా వచ్చే బేస్) దొరికితే మొదటి బేస్‌కి నడవకుండా పరుగెత్తే రకం.

గార్సియాకి 2026లో జీతం కోటి డాలర్లు దాటుతుందని అంచనా వేశారు. కాంట్రాక్టు ఇస్తారో లేదో తేల్చాల్సిన గడువు ఆ శుక్రవారం. ఇవ్వలేదు. అంతే. తర్వాత ఫిలడెల్ఫియా అతన్ని ఒక ఏడాదికి కోటి డాలర్లకి తీసుకుంది, అంటే రోడ్డున పడలేదు, మన గ్రూపులో ఏడ్చినంత ఘోరమేమీ జరగలేదు.

వార్నర్ గుర్తున్నాడు కదా. 2016లో సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చిన కెప్టెన్, 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ పోయింది, జట్టులో చోటూ పోయింది, తర్వాత రిటైన్ కూడా చెయ్యలేదు. హైదరాబాద్‌లో జనానికి అప్పుడు మండింది వదులుకున్నందుకు కాదు, బెంచీ మీద కూర్చోబెట్టి, డ్రింక్స్ మోయించిన తీరుకి. రేంజర్స్ ఆ పని చెయ్యలేదు. సీజన్ అయ్యాక, అందరికీ తెలిసిన గడువు రోజున, వద్దు అని చెప్పేశారు. నాకైతే ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

సెమియెన్ విషయంలో మాత్రం నా మనసు కూడా ఒప్పుకోలేదు, అబద్ధమెందుకు. 2023లో 162కి 162 మ్యాచ్‌లూ ఆడినవాడు. జ్వరమొచ్చిందని లీవ్ పెట్టినప్పుడల్లా మా ఆవిడ అతని పేరే ఎత్తేది. కాకపోతే కాంట్రాక్టు ఇంకా మూడేళ్ళుంది, వయసు ముప్పై అయిదు, 2025 ఆగస్టులో కాలికి బంతి తగిలి సీజన్ ముగిసింది. అతను వెళ్ళినప్పుడు రెండో బేస్‌లో ఇంకెవరు అంటే సరైన జవాబు లేకపోయింది, అది నిజంగానే టెన్షన్. యాజమాన్యం "ఫ్లెక్సిబిలిటీ" అన్న మాట వాడినప్పుడల్లా ఖర్చు తగ్గించుకుంటున్నారనే అర్థం చేసుకోండి, ఆ విషయంలో నేను వాళ్ళ పక్షం కాదు. మిగిల్చిన డబ్బు మళ్ళీ జట్టు మీద పెట్టకపోతే ఇదే పత్రికలో వచ్చే ఏడాది వేరే వ్యాసం రాస్తాను.

2025 సీజన్ అయ్యాక బోచీ వెళ్ళిపోయాడు, మేనేజర్‌గా స్కిప్ షూమేకర్ వచ్చాడు. ఫిబ్రవరి రెండో వారానికి పిచర్లూ, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్లూ ప్రాక్టీసుకి అరిజోనాలో ఫీనిక్స్ పక్కనున్న సర్‌ప్రైజ్ అనే ఊరు చేరుకుంటారు. అవును, ఊరి పేరే అది. ఒకసారి వెళ్ళాం మేము. పొద్దున్నే, ఇంకా చలిగా ఉంది, కంచె అవతల కోట్ల డాలర్ల పిచర్లు వరసలో నిలబడి ఉన్నారు. ఒక్కొక్కడూ బంతి వేసినట్టు నటిస్తాడు, కోచ్ బంతిని మొదటి బేస్ వైపు నేల మీద కొడతాడు, పిచర్ పరుగెత్తి బేస్ తొక్కుతూ బంతి అందుకుంటాడు. మళ్ళీ వరస చివరికి. అంతే, అదే, గంటసేపు. ఒకడు కాలు తప్పు వైపు పెట్టాడు, కోచ్ ఏమీ అనలేదు, వేలితో మళ్ళీ అన్నట్టు చూపించాడు. మా అమ్మాయి, "నాన్నా, వీళ్ళకి ఇది రాదా?" అని అడిగింది.

ఈ మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి మళ్ళీ టికెట్లు తీశాను, గడ్డి మీద కూర్చుని చూసేవి, చవక. నిమ్మో జెర్సీ కొనిపెడతానన్నాను, వద్దంది. 53 నంబరుదే సూట్‌కేసులో పెట్టుకుంటానంటోంది.