గెయిన్ వంద పెట్టుమనేటోళ్లకు

కంప్యూటర్ల కారు రేసు గేములాడే స్టీరింగ్ వీల్ గురించి ఎవల్నడిగినా ఒక్కటే మాట: ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (గేమ్ల కారుకయ్యేది మోటారుతోని చేతికి తెలిపేది) గెయిన్, అంటే ఆ జోరు ఎంతుండాల్నో పెట్టే సెట్టింగు, 100 పెట్టు, జోర్దారుంటది. ఏం జోరు? గేర్లతోని నడిచే చిన్న వీల్ మోటారు తిప్పే సత్తానే 2 న్యూటన్ మీటర్ల పైచిలుకు. గేమ్ అంతకన్న ఎక్కువ అడిగితే అక్కడనే ఆగిపోతది. క్లిప్పింగ్ అంటే అదే. మూల మీద ముందు టైర్లు పట్టు తప్పుతుంటే స్టీరింగ్ తేలికవ్వాలె గద? అవ్వదు. రాయి లెక్క ఒక్కతీరుగ ఉంటది, కారు పోయి గోడకు గుద్దుతది. అది తెలవకపోతే ఇంత పైసలు పెట్టి వీల్ కొనుడెందుకు?

గెయిన్ తగ్గిస్తే వీల్ నడిమిట్ల ఉన్నప్పుడు చేతికి ఏం తెల్వది. మినిమమ్ ఫోర్స్ (చిన్న జోరు గూడ చేతికి తెలిసేటట్టు చేసే సెట్టింగు) పెంచితే సీదా రోడ్డు మీద గూడ వీల్ గజగజ వణుకుతది. ఒక కారుకు కుదిరింది ఇంకో కారుకు కుదరదు. రాత్రి అంతా సరిచేసి పండుకుంటే, తెల్లారి అప్‌డేట్ వచ్చి సెట్టింగులన్నీ మాయం. కడుపు మండుతది.

ఇగ మా నల్లగొండల ఎండకాలం కరెంటు సంగతి చెప్పేదేముంది? పోయొచ్చి సిస్టం మళ్ల లేవంగనే వీల్ తనంతట తనే ఈ కొస నుంచి ఆ కొసకు గిర్రున తిరుగుతది, టేబుల్ మీది చాయ్ గ్లాసు ఊగుతది.

డైరెక్ట్ డ్రైవ్ (గేర్లు లేకుండ సీదా మోటారుకే బిగించిన వీల్) కొనుక్కోమంటరు. ఆ పైసలకు సెకండ్ హ్యాండ్ బైకే వస్తది. అమ్మేటోళ్లు డబ్బాల ఒక్క తెలుగు కాయితం పెట్టరెందుకు? గేమ్ల కనవడే క్లిప్పింగ్ మీటర్ నిండుతుంటే గెయిన్ తగ్గించుమని రాస్తే చాలు గద!