మార్టేరు స్వర్ణ వరికి ఎన్ని మార్కులు?

సైన్సు అధ్యాపకుడు ఒక పరిశోధన పత్రం ప్రచురిస్తే 8 పాయింట్లు. అదే మనిషి రాష్ట్ర ప్రభుత్వానికి విధాన పత్రం తయారుచేసి ఇస్తే 4. పేపరు పడిన జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 10 దాటిందా, మరో 30 జత. నియామకాలకు, ప్రమోషన్లకు యూజీసీ 2018లో ఇచ్చిన నిబంధనల్లో రెండో పట్టిక తీసి చూస్తే ఈ లెక్కలన్నీ కనిపిస్తాయి. జిల్లాలోని ఫ్లోరైడ్ నీళ్ల మీద ఏళ్లతరబడి పనిచేసి, ప్రభుత్వం చేత ఒక పథకాన్ని మార్పించిన కెమిస్ట్రీ మాస్టారు ఆ తిరుగుడు మానేసి ల్యాబులో కూర్చుని పేపర్లు రాసుకుంటేనే ఆయన సర్వీసుకు మంచిది.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పుట్టింది ఇందుకు కాదు. అమెరికా సమాచార శాస్త్రవేత్త యూజీన్ గార్ఫీల్డ్ దాన్ని తెచ్చినప్పుడు ఏ జర్నళ్లు తెప్పించుకోవాలో తేల్చుకునే లైబ్రరీలకు అది అక్కరకొచ్చింది. గత రెండేళ్లలో ఆ జర్నల్లో వచ్చిన వ్యాసాలను ఈ ఏడాది ఎన్నిసార్లు ఉటంకించారో (అవే సైటేషన్లు) కూడి, వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. అంతే, ఒక సగటు. ఏ జర్నల్లోనైనా గుప్పెడు వ్యాసాలకే ఎక్కువ సైటేషన్లు వస్తాయి, మిగిలినవి వాటి చాటున బతికేస్తాయి. స్టేట్ ఫస్ట్ ర్యాంకు వచ్చిన కాలేజీలో చదివాడు కాబట్టి మావాడిదీ ఫస్ట్ ర్యాంకే అన్నట్టుంటుంది, ఆ సగటును తీసుకెళ్లి మనిషికి అంటగట్టడం. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ మనిషి సొంత పేపర్లనే లెక్కిస్తుంది కాబట్టి కాస్త నయం. కానీ అదీ సైటేషన్లు తప్ప మరొకటి చూడదు.

సైటేషన్‌కు అందనిది ఎంత ఉంటుందో చూడాలంటే మార్టేరు దాకా వెళ్తే చాలు. పశ్చిమ గోదావరిలోని ఆ వరి పరిశోధన స్థానం వశిష్ట, మసూరి రకాలను కలిపి 1982లో ఎంటీయూ 7029 విడుదల చేసింది. అదే స్వర్ణ. ఎరువు తక్కువైనా దిగుబడినిస్తుందన్న పేరుతో ఒడిశా, బెంగాల్ పొలాలకు పాకింది. బంగ్లాదేశ్‌లో అధికారికంగా విడుదలే కాకపోయినా రైతుల చేతులమీదుగా సరిహద్దు దాటిపోయింది. విత్తనం సంచిలో వెళ్లింది కదా, ఫుట్‌నోట్ ఎవరు రాస్తారు?

స్వర్ణకున్న లోపం ముంపు. మామూలు వరి మొక్క మునిగితే గాలి కోసం నీటిపైకి సాగుతూ ఒంట్లో దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చుచేసుకుంటుంది. నీళ్లు తీసేసరికి కోలుకునే సత్తువ ఉండదు. ఒడిశా రైతుల దేశవాళీ వరి నుంచి ఎంపికచేసిన ఎఫ్ఆర్ 13ఏ మాత్రం మునిగినప్పుడు పెరగడం ఆపేసి ఊపిరి బిగబడుతుంది. దానికి కారణమైన సబ్1ఏ జన్యువును కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కలిసి గుర్తించి 2006లో ‘నేచర్’ జర్నల్లో ప్రకటించారు. ఆ జన్యువున్న భాగాన్ని స్వర్ణలోకి తెచ్చి రూపొందించిన స్వర్ణ-సబ్1 మనదేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల ముంపును తట్టుకోగలదు. బంగ్లాదేశ్‌లో అదే బ్రి ధాన్51.

ఇప్పుడు మార్కులు వేద్దాం. ‘నేచర్’ పేపరుకు సైటేషన్లు దండిగా వచ్చాయి, రావాల్సిందే, అది గొప్ప పని. ముంపును తట్టుకునే విత్తును తరతరాలుగా కాపాడుకొచ్చిన ఒడిశా రైతుకు సున్నా. లక్షల ఎకరాల్లో అప్పటికే పాతుకుపోయి, ఆ జన్యువును నేరుగా పొలాల్లోకి దింపగలిగిన స్వర్ణను తయారుచేసినవాళ్లకు దాదాపు సున్నా. వ్యవసాయ వర్సిటీల స్కోర్‌కార్డు వేరేలెండి, కొత్త రకానికి అందులో మార్కులుంటాయి. కానీ విడుదలైన రోజు పడిన మార్కు, పాతికేళ్ల తర్వాత ఆ రకం ఎన్ని ఊళ్లకు అన్నం పెట్టిందో చూసి మారదు.

బ్రిటన్ దీన్ని కొంతవరకు పట్టుకుంది. యూనివర్సిటీల నిధులు తేల్చే రీసెర్చ్ ఎక్సలెన్స్ ఫ్రేమ్‌వర్క్‌లో 2014 నుంచి సమాజంపై ప్రభావానికీ మార్కులు పెట్టింది. అప్పుడు 20 శాతం, 2021కి 25 శాతం. మా పరిశోధన వల్ల ఫలానా చోట ఫలానా మార్పు వచ్చిందని సాక్ష్యాలతో ఐదు పేజీలకు మించకుండా రాసివ్వాలి, దాన్ని మనుషులు కూర్చుని చదువుతారు. చదవడమన్న ఒక్క మాట కోసం ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. అయితే 2014 మదింపుకైన ఖర్చు 24.6 కోట్ల పౌండ్లని అంచనా. పైగా 2021కి పెట్టిన షరతు ప్రకారం మూల పరిశోధన 2000 లేదా ఆ తర్వాతిదై ఉండాలి. 1982 నాటి స్వర్ణ అక్కడా గేటు బయటే. ఇదే మన కాలేజీలకు వస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. సర్పంచి సంతకం, ఎన్జీవో లెటర్‌హెడ్డు, మూడు ఫొటోలతో ఫైలు రెడీ.

మనకు ఆ అనుభవం ఉంది. పీహెచ్‌డీ సమర్పించాలంటే పేపరు తప్పనిసరన్న 2009 నిబంధనతో డబ్బు తీసుకుని పేపర్లు వేసే జర్నళ్లకు పండగొచ్చింది. 2018 మే నెలలో యూజీసీ తన జాబితాలోంచి 4,305 జర్నళ్లను తీసేయాల్సి వచ్చింది. 2022లో ఆ తప్పనిసరినే ఎత్తేసింది. 2018 కోత తర్వాత తెచ్చిన, నమ్మదగ్గ జర్నళ్ల ‘కేర్’ జాబితాకూ 2025 ఫిబ్రవరిలో స్వస్తి చెప్పింది. జాబితాలు పోయినా పాయింట్ల ఆకలి పోలేదు. ఏటా ‘స్టాన్‌ఫర్డ్ టాప్ 2 శాతం’ ఫ్లెక్సీలు లేస్తున్నాయి. అది అవార్డేమీ కాదు, స్కోపస్ డేటాబేస్‌లోని సైటేషన్ల ఆధారంగా అక్కడి ప్రొఫెసర్ ఐయోనిడిస్ బృందం కూర్చిన జాబితా.

కొత్త సూచీ కోసం వెతుక్కోనక్కర్లేదు. ఏ వరి రకానికి ఎంత బ్రీడర్ విత్తనం (తర్వాతి విత్తనాలన్నిటికీ మూలమైనది) కావాలని రాష్ట్రాలు అడిగాయో కేంద్రం దగ్గర ఏటా లెక్క ఉంటుంది. రైతు ఇంట్లో దాచుకున్న విత్తనం అందులోకి రాదు, నిజమే, అయినా సైటేషన్ కంటే పొలానికి దగ్గరి కొలత. జర్నల్ పేరు చూసి మనిషిని తూచొద్దన్న శాన్‌ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ 2013 నుంచీ ఉంది, హైదరాబాద్ కేంద్రంగా పరిశోధనలకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ దానిపై సంతకమూ చేసింది. వర్సిటీలు చేయాల్సింది ఒకటే. అభ్యర్థి తన ఐదు మంచి పనులను తానే ఎంచి ఇవ్వాలి. అవి పేపర్లు కావచ్చు, విత్తనం కావచ్చు, విధాన పత్రం కావచ్చు. సెలక్షన్ కమిటీకి వచ్చే నిపుణుడికి ఆ ఐదూ నెల ముందే పంపాలి, చదివినందుకు సిట్టింగ్ ఫీజు విడిగా ఇవ్వాలి, చదివి ఏమనుకున్నాడో ఒక పేజీ రాయించుకుని అభ్యర్థికీ చూపించాలి.