పురుగు రంధ్రాలు పాతదనానికి రుజువు కాదు
చెక్క మాస్కు మీద పురుగు తొలిచిన రంధ్రాలుంటే అది పాతదేనని ఒక వ్యాసంలో రాశారు. దీంతో మాత్రం ఒప్పుకోలేను. పుచ్చు పట్టడానికి వందేళ్లు అక్కర్లేదు, లేత కర్రకైతే కొన్నేళ్లు చాలు. పైగా డ్రిల్లుతో వేసిన రంధ్రాలూ తగులుతుంటాయి. సన్నటి తీగ దూర్చితే డ్రిల్లు రంధ్రంలో అది తిన్నగా దిగుతుంది. పురుగు దారి వంకర తిరుగుతుంది, తీగ మధ్యలోనే ఆగిపోతుంది. గుండ్రటి రంధ్రాలకు బదులు పైన పొడవాటి గాడులు కనిపిస్తే ఇంకా అనుమానించాలి: పుచ్చిపోయిన పాత దూలాన్ని తెచ్చి తర్వాత చెక్కి ఉండొచ్చు. అసలు మొదట చూడాల్సింది మాస్కు వెనక వైపు. ముఖానికి కట్టుకుని వాడిందైతే నుదురు, ముక్కు, గడ్డం తగిలే చోట్ల చెమటకు నల్లబడి నునుపెక్కాలి. తాడు బెజ్జాలు తాడు లాగే వైపే అరగాలి. అంతటా ఒకే నలుపుంటే అది చాలావరకు పూసిందే. రంధ్రాల్లోంచి తాజాగా లేత రంగు పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉందని లెక్క. దాన్ని చంపడానికి మాస్కును పాలిథిన్ కవర్లో పెట్టి, గాలి తీసి, టేపుతో మూసి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజంతా కవర్ విప్పొద్దు, విప్పితే తేమ చెక్క మీదే పట్టి రంగు లేస్తుంది. మందపాటి సుద్ద పూత ఉన్నవాటికి, ఏనుగు దంతం పొదిగినవాటికి ఈ పద్ధతి వద్దు.