జింకుకు అడ్డంగా లాకులు

కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించాడు. కాలవలూ లాకులూ వచ్చాయి. నీళ్ళు ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో ఆ ఏర్పాటంతా జరిగింది. జింకు, ఇనుము, బి విటమిన్ల సంగతి మాత్రం మనకి వదిలేశారు. ఆ లోటు మనమే తీర్చుకున్నాం. మడిలో బయల్దేరిన పోషకం కంచం దాకా రాకుండా దారిపొడుగునా లాకులు కట్టుకున్నాం. వీటికి గేట్లు ఎత్తి దించే లస్కర్లు కూడా అక్కర్లేదు, తలో చెయ్యీ వేస్తున్నాం.

తొలి లాకు చేలోనే ఉంది. సార్వా అనే వానాకాలపు వరి, వెనకే దాళ్వా అనే రెండో పంట, రెండింటికీ మడినిండా నీళ్ళు. నెలల తరబడి మునిగిన నల్లమట్టిలో జింకు ఉండీ వేరుకి అందదు, అటకెక్కించిన ఆవకాయ జాడీలాగ. నాటిన రెండు మూడు వారాలకి పైనుంచి మూడో నాలుగో ఆకు మధ్య ఈనె పాలిపోతుంది, ముదురాకుల మీద ఇటుకరంగు మచ్చలు లేస్తాయి. ఇందుకు డెల్టా వైద్యం యూరియా. అరబస్తా చల్లినా పైరు పచ్చబడదు. పచ్చబడలేదు గనక ఇంకో అరబస్తా.

జింకు సల్ఫేటు కొనే బుద్ధిమంతులూ ఉన్నారు. ఎకరాకి 20 కిలోలు, నాట్లకి ముందు ఆఖరి దమ్ములో. వీళ్ళకోసం వేరే ఏర్పాటుంది. గట్టుమీద బరకం పరిచి, డీఏపీ ఎరువు బస్తా కుమ్మరించి, దానిమీద జింకు పోసి, పారతో తిరగేసి ఒక్క కూలితోనే చల్లించేస్తారు. డీఏపీలోని భాస్వరం జింకుని పట్టుకుని నీళ్ళలో కరగని జింకు ఫాస్ఫేటుగా మార్చేస్తుంది. ఒక కూలి మిగిలింది, జింకు మట్టిలో మట్టయింది. రెండింటికీ మధ్య మూడు రోజులు ఎడమిస్తే సరిపోయేది. పోనీ మచ్చలు కనబడ్డాకైనా లీటరు నీళ్ళకి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజుల తేడాతో రెండుసార్లు కొడితే పైరు తేరుకుంటుంది. కానీ అన్నన్ని రోజులు ఆగితే కాలవ వంతు దాటిపోదూ!

2015లో భూసార కార్డులొచ్చాయి. మట్టిలో పన్నెండు అంశాలు చూసి చెబుతాయి. పరీక్షకి మట్టి తీయాలంటే చేలో అడ్డదిడ్డంగా నడుస్తూ ఎనిమిది పదిచోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, ఆ మట్టంతా కలిపి, నాలుగు పాళ్ళు చేసి, ఎదురెదురు పాళ్ళు రెండు పారేసుకుంటూ చివరికి అరకిలో మిగల్చాలి. చెప్పులకి బురద అంటకుండా గట్టువార ఒక్కచోట తీసిందీ మట్టే కదా? అక్కడే ఎరువుకుప్ప పోసిన పుణ్యాన సేంద్రియ కర్బనం ‘అధికం’ అని వస్తుంది. రైతుకి సంతోషం, కార్డుకి మర్యాద.

దాళ్వా కోత మిషను గట్టు దిగీ దిగకముందే గడ్డికి అగ్గిపుల్ల. నత్రజని ఇంచుమించు అంతా పొగై లేచిపోతుంది. కాలవలు కట్టేసిన ఎండాకాలంలో ఉన్న కాస్త పదునుకి ఎకరాకి పది పన్నెండు కిలోల పచ్చిరొట్ట జీలుగ చల్లి, పూతకొచ్చాక కలియదున్నేవాణ్ణి ఊరంతా వింతగా చూస్తుంది.

నిజం చెప్పాలంటే, నేల బాగుపడ్డంత మాత్రాన గింజలో జింకు అమాంతం పెరిగిపోదు. గింజ పాలుపోసుకునేటప్పుడు జింకుని ఆకులమీద కొడితే కొంత ఎక్కుతుంది. అసలు తేడా విత్తనంలో ఉంది. మామూలు రకాల పాలిష్ బియ్యంలో జింకు 12 నుంచి 16 పీపీఎం (పది లక్షల పాళ్ళకి అన్ని పాళ్ళు) ఉంటే, 2016లో వచ్చిన డీఆర్ఆర్ ధాన్ 45 అనే వరి రకంలో 22.6. ఆ మాట చెబితే మనవాళ్ళడిగేది ఒకటే: “స్వర్ణ రకాన్ని మించి పండుద్దా?”

ఇక మిల్లు. ఇది పెద్ద లాకు. జింకు కాస్త మొండిది, గింజ లోపల్లోపలికి దాక్కుంటుంది. ఇనుమూ, బి1 విటమినూ మాత్రం పైపొరలోనూ, మొలక వచ్చే ముక్కులోనూ కూచుంటాయి, కాబట్టి సులువుగా దొరికిపోతాయి. ఒక పాలిష్ చాలక నున్నగా మెరిసేందుకు సిల్కీ, ఆపైన రంగుమారిన గింజలేరే సార్టెక్స్. కోస్తాలోని ఈ సర్కారు జిల్లాల్లోనే ఒకప్పుడు తెల్లబియ్యం తిని, బి1 లోపంతో వచ్చే బెరిబెరితో కాళ్ళు పడిపోయాయి. అనుభవం మనకి కొత్త కాదు.

ఉప్పుడుబియ్యానికి ధాన్యాన్ని నానబెట్టి ఉడికిస్తే పైపొరలోని బి విటమిన్లు గింజలోకి దిగుతాయి. అందుకని దాళ్వాలో పండిన బొండాల ధాన్యం ఉడికించి మర్యాదగా కేరళకి పంపించి, మల్లెపువ్వులాంటిది మనం ఉంచుకుంటాం. ఊడిన తవుడు నూనెమిల్లుకి, నూనె తీసిన తవుడు భీమవరం, ఆకివీడు చెరువుల్లో చేపలకి. చేపలు బలిసి, ఐసు పెట్టెల్లో పడుకుని, లారీలెక్కి బెంగాలు వెళతాయి. డెల్టా పోషకాలకి దేశాటన యోగం ఉంది.

వంటింటి సంగతి చెప్పేదేముంది, మూడు కడుగులు, ఆపైన గంజి వార్పు. ఇదివరకు ఆ నీళ్ళు కుడితి గోలెంలో పడి గేదెకైనా దక్కేవి. ఇప్పుడు గేదె లేదు, సింకు ఉంది.

ఇంత కష్టపడి తీసేసినదాంట్లో కొంత ప్రభుత్వం తిరిగి పంపించింది. బియ్యం పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, పైగా బి12 కూడా కలిపి, మిషన్లో మళ్ళీ బియ్యపుగింజ ఆకారానికి ఒత్తి, వంద కిలోలకి కిలో చొప్పున రేషను బియ్యంలో కలిపారు. డెల్టా ఊరుకుందా? ప్లాస్టిక్ బియ్యమని ఊరూరా పుకారు. చేటలో పోసుకుని, అరుగుమీద కూచుని, కళ్ళజోడు సవరించుకుని, రంగు తేడాగా ఉన్న గింజ ఒక్కొక్కటీ ఏరి పెరట్లోకి విసిరారు.

పెరట్లో కోడిపెట్టలు మాత్రం ఒక్క గింజ కూడా వదల్లేదు.